ఇరవై ఒక్క పడగల పాఠం

మైలమ్మను చంపింది ఊబి కాదు. పాఠం. ఆ పాఠం కట్టినవాడు శ్రుతపురం రాజగురువు ఘోషాచార్యులు. ఇందులో ఆమె మొగుడు అంకన్నకు అనుమానం లేదు. ఎవరితోనైనా వాదించే ఓపికా లేదు.

శ్రుతపురంలో విద్య చెవిలోంచే లోపలికి పోవాలి. అది చట్టం. పాఠం వినేటప్పుడు కళ్ళు మూసుకోవాలి, చేతులు వెనక్కి పెట్టి కట్టించుకోవాలి. కళ్ళు తెరిస్తే విద్య చూపులోంచి కారిపోతుందట. చేయి కదిపితే వేళ్ళ సందుల్లోంచి జారిపోతుందట. కారిపోతుండగా ఎవరు చూశారు? ఘోషాచార్యులు చూశాడు, కళ్ళు మూసుకుని. ఆయన చూశానన్నాక రాజు కూడా చూసినట్టే.

పొలిమేరలో ఊబి ఉంది. ఊబికి అవతల వెదురు ఉంది. బుట్టలల్లేవాళ్ళు తాతల నాటి నుంచి ఆ ఊబి దాటుతూనే ఉన్నారు. ఘోషాచార్యులు ఆ దారికి అరవై నాలుగు అడుగుల పాఠం కట్టి, ఇకమీద కళ్ళు మూసుకుని, చేతులు కట్టించుకుని, పాఠం పైకి చెబుతూ దాటాలన్నాడు. పాఠం రానివాళ్ళకు మట్టిబుర్రలని పేరు రాసి ఇచ్చాడు. మైలమ్మ ఏడేళ్ళ వయసు నుంచి ఆ ఊబి దాటిన మనిషి. ఆమె పాదాలకు దారి తెలుసు. నోటికి తెలియదు. పదిహేడో అడుగు దగ్గర నోరు తడబడింది. కాలు నోటి మాట విన్నది. పక్కనే తుంగ దుబ్బు ఉంది, పట్టుకుందామంటే చేతులు కట్టేసి ఉన్నాయి. గట్టు మీద నలుగురు భటులు అంకన్నను కదలకుండా పట్టుకున్నారు. ఘోషాచార్యులు తాటాకు మీద ఒక గీత గీసి, "పాఠం తప్పింది. తరువాత ఎవరు?" అన్నాడు.

మూడేళ్ళు గడిచాయి. ఇప్పుడు ఆ ఘోషాచార్యులు మాంత్రికుడు భస్మాంగుడి చెరలో ఉన్నాడు. అతణ్ణి ప్రాణాలతో తీసుకుపోవడానికి అంకన్న వచ్చాడు.

ప్రేమతో కాదు. శ్రుతపురంలో రాజగురువు నోట పుట్టిన చట్టాన్ని ఆ నోరే రద్దు చెయ్యాలి. ఆ నోరు చస్తే చట్టం ఎప్పటికీ చావదు. వచ్చే పున్నమికి ఊబి గట్టు మీద నలభై రెండు మంది ఆడవాళ్ళు చేతులు కట్టించుకుని నిలబడతారు. వాళ్ళలో పదకొండు మంది మైలమ్మ దగ్గర అల్లిక నేర్చుకున్నవాళ్ళు. అదే చెరలో రాకుమారుడు జయకేతు కూడా ఉన్నాడనీ, అతని కోసం వచ్చిన వీరులు వచ్చినట్టే బూడిదైపోయారనీ లోకం చెప్పుకుంటోంది. చెప్పుకోనీ. అంకన్న రాకుమారుడి కోసం రాలేదు.

భస్మాంగుడి బూడిదకోట నల్లకొండ కడుపును తొలిచి కట్టిన కోట. దాని గోడలకు కాలిన ఎముకల సున్నం పూశారు. ఆ సున్నంలో గబ్బిలాల కళ్ళు కెంపుల్లా పొదిగి ఉన్నాయి. మనిషి నడిస్తే అవి వెంట తిరుగుతాయి. స్తంభాలకు చుట్టుకున్న రాతి తీగెలకు ఇత్తడి పువ్వులు పూస్తాయి. ఆ పువ్వుల్లోంచి తేనె కారదు, సెగ కారుతుంది. కొండ నెత్తిన ఒక్కటే కన్నం. రోజుకు ఒక్కసారి, మిట్టమధ్యాహ్నం, సూర్యుడు ఆ కన్నంలోంచి నిలువుగా దిగి భస్మాంగుడి నుదుటి మీద పడతాడు. అప్పుడు మాంత్రికుడు ధ్యానం నుంచి లేస్తాడు. లేచాక కోటలో ఈగ కూడా అతనికి తెలియకుండా ఎగరదు.

అంకన్న ఆ కోటలో నలభై రోజులు మూగ బుట్టలవాడిగా నటించాడు. కాపలా ఉన్న ఒంటికన్ను రాక్షసి గుంజరి అతని చేత బూడిద తట్టలు మోయించింది, కాళ్ళు పట్టించుకుంది, చివరికి తనకు పడుకోవడానికి ఒక ఊయల అల్లిపెట్టమని సైగ చేసింది. అంకన్న ఇరవై రోజులు కష్టపడి అల్లాడు. గుంజరి అందులో పడుకుని ముసిముసిగా నవ్వుకుంది. అటు తిరిగింది. ఊయల కొంచెం బిగిసింది. ఇటు తిరిగింది. ఇంకొంచెం బిగిసింది. కోపం వచ్చి తన్నుకుంది. అంతే, తాటిమానంత మనిషి పేమూ వెదురూ కలిసిన ముద్దలో పీపాలో పచ్చడిలా కూరుకుపోయింది. నోట్లోకి తట్ట కుక్కి, నడుముకున్న తాళాలు తీసుకుని అంకన్న చెరసాల తలుపు తీశాడు.

లోపల ముగ్గురున్నారు. గోడకు ఆనుకుని రాకుమారుడు జయకేతు. కిటికీ దగ్గర చెంగల్వ, భస్మాంగుడు తన బొమ్మ గీయించుకోవడానికి ఎత్తుకొచ్చిన చిత్రకారిణి. నడుమ పద్మాసనం వేసుకుని ఘోషాచార్యులు. చెరలో కూడా నడుముకు పాఠపు తాడు చుట్టుకునే ఉన్నాడు, శిష్యుల చేతులు కట్టే తాడు.

"నువ్వు మూగవాడివి కదూ!" అన్నాడు జయకేతు.

"నలభై రోజులు మూగవాణ్ణి. ఇవాళ కాదు. లేవండి దొరా. మూడు గడియల్లో మిట్టమధ్యాహ్నం అవుతుంది."

ఘోషాచార్యులు కళ్ళు తెరవకుండానే అడిగాడు. "ఎవరు నాయనా నువ్వు? ఏ గురువు దగ్గర చదివావు?"

"నేను మట్టిబుర్రను. నువ్వే రాసిచ్చావు. లే."

రాజగురువును నువ్వు అన్నవాణ్ణి జయకేతు అంతవరకు చూడలేదు. కత్తి లేని ఒర మీద చెయ్యి వేశాడు. అంకన్న అతనికేసి చూడను కూడా చూడలేదు. నలుగురూ పరుగెత్తారు.

ముందు వాకిట్లో నిప్పుల గోడ ఉంది. కాబట్టి వెనక దారే గతి. వెనక దారిలో పడగల గచ్చు ఉంది.

అక్కడికి చేరగానే చెంగల్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. విశాలమైన గుహ. నేలంతా రాతి పడగలు, ఒకదాని పక్కన ఒకటి, పొలంలో మొలకల్లా. ప్రతి పడగ మీదా పొలుసు పొలుసుకూ పచ్చ, నీలం, గోమేధికం రంగులు. ప్రతి పడగలోనూ మూసుకున్న రెండు కళ్ళు. ఊపిరి పీలుస్తున్నట్టు గచ్చు మొత్తం సన్నగా పొంగి అణుగుతోంది. అవతల ఒడ్డున వెలుతురు, గాలి, లోయ.

ఉన్న ముక్క అంకన్న గబగబా చెప్పేశాడు. "ఇందులో ఇరవై ఒక్క పడగలు ఎన్నటికీ లేవవు. వాటి మీదే నడవాలి. తక్కిన వాటి మీద కాలు పడితే లేస్తాయి. ఒక మనిషి ఉండగా రెండో మనిషి ఎక్కితే అన్నీ లేస్తాయి. మనిషి ఎక్కాక గొంతు వినబడినా లేస్తాయి. ఎక్కగానే బూడిద పొగ కమ్ముకుంటుంది. మీ పాదాలు మీకు కనిపిస్తాయి, అంతే. నేను ఇక్కణ్ణుంచి కేక వెయ్యలేను, సైగ చెయ్యలేను. దారి మీలో ఉండాలి. దాటి దిగగానే పొగ అణుగుతుంది, అప్పుడు తరువాతి మనిషి."

"నీకెలా తెలుసు?" అన్నాడు జయకేతు.

"మొదటి రోజు గుంజరి నా మెడ పట్టుకుని నడిపించింది, కోట కాపలా రాక్షసి బరువుకు అవి లేవవు. రెండో రోజు నెత్తిన తట్ట పెట్టి తోసింది."

వెనక్కి నడవలోకి తీసుకుపోయి, నేల మీద బొగ్గుతో గళ్ళు గీశాడు. దారి ఒక్కసారి నోటితో చెప్పాడు. రెండు నేరుగా, ఒకటి ఎడమకు, ఒకటి వదిలి ముందుకు, రెండు కుడికి, అలా ఇరవై ఒకటి. చెబుతున్నంత సేపూ వాళ్ళ మొహాలు చూడలేదు. చేతులు చూశాడు, కళ్ళెటు పోతున్నాయో చూశాడు.

అది మైలమ్మ పద్ధతి. అల్లిక నేర్చుకుంటానని కొత్త పిల్ల వస్తే మైలమ్మ మొదటి పూట ఏమీ చెప్పేది కాదు. పది వెదురు బద్దలు ముందు పడేసి, తన పని తాను చేసుకుంటూ ఓరకంట కనిపెట్టేది. ఒక పిల్ల "ఏం చెయ్యాలక్కా?" అని అడుగుతుంది. ఇంకో పిల్ల మాట్లాడకుండా మైలమ్మ వేళ్ళకేసే చూస్తుంది. మరొకతి అడగదు, చూడదు, బద్ద తీసుకుని వంచి విరగ్గొట్టేస్తుంది. ఆ విరగ్గొట్టిన పిల్లను తల్లులు తిట్టేవాళ్ళు. మైలమ్మ తిట్టేది కాదు. వెనక కూర్చుని దాని చేతుల మీద తన చేతులు వేసి అల్లించేది. ఆరు నెలల్లో ఆ పిల్లే అందరికన్నా గట్టి బుట్ట అల్లేది. వెన్నెల లాంటి మైలమ్మ బుర్రను ఊబిలో తొక్కేశారు.

"చెప్పండి దొరా," అన్నాడు అంకన్న.

"రెండు నేరుగా," అన్నాడు జయకేతు ధైర్యంగా. "రెండు ఎడమకు. కాదు, ఒకటి. వదిలి... ఎన్ని వదలాలి?"

రెండోసారి చెప్పినా అంతే. మూడోసారి ఇంకా అధ్వాన్నం. జయకేతు మొహం కందగడ్డలా అయింది. "నాకు చిన్నప్పటి నుంచీ ఇంతే. గురువుగారు నా చేతులు కట్టి ఏడాది చెప్పినా ఒక్క పాఠం నిలవలేదు. నన్ను వదిలేసి మీరు పొండి."

"నోరు మూసుకోండి దొరా," అన్నాడు అంకన్న. "చేతులు కట్టేశారు కాబట్టే నిలవలేదు."

జయకేతు వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తూనే ఉన్నాయి. చెరసాలలో కూర్చున్నప్పుడూ గోడ మీద వేస్తూనే ఉన్నాయి. అంకన్న ఒక తట్ట బోర్లించి దాని అడుగున కొట్టాడు. నేరుగా అయితే గట్టి దెబ్బ. ఎడమకు వేలి కొసతో చిన్న దెబ్బ. కుడికి జంట దెబ్బ. వదలాల్సిన చోట మౌనం. ఇరవై ఒక్క అడుగులూ ఒక దరువు అయ్యాయి. జయకేతు తల ఊపాడు. రెండోసారి తానే తట్ట లాక్కుని వాయించాడు. మూడోసారి వాయించకుండానే గళ్ళ మీద నడిచాడు, ఒక్క గడి తప్పలేదు.

"ఇది ముందే చెప్పొచ్చుగా!"

"మూడుసార్లు చెప్పాను. చెబితే మీకెక్కదు. కొడితే ఎక్కింది."

చెంగల్వ రెండు చెవులూ మూసుకుంది. "ఆ మోత ఆపన్నా, తల తిరిగిపోతోంది. ఒక్కసారి నువ్వు నడువు. మాట్లాడకు."

అంకన్న నడిచాడు. ఆమె కళ్ళు చికిలించి అతని పాదాల వెంట ఒక గీత గీసుకుంటూ పోయింది, గాలిలో వేలితో. తరువాత బొగ్గు తీసుకుని గోడ మీద గీసింది. ఇరవై ఒక్క చుక్కలు కలిపితే ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ వచ్చింది.

"ముక్కు దగ్గర ఎక్కుతాం, తోక దగ్గర దిగుతాం," అంది. "ఈ వదిలేసిన గడి దాని కన్ను. అయిపోయింది. ఇంకేమైనా ఉందా?"

"లేదు తల్లీ."

గుహ అవతలి నోట్లోంచి నడవ గోడ మీద పడ్డ ఎండ బిళ్ళ జానెడు కిందికి దిగింది. ఒకటిన్నర గడియ మిగిలింది.

ఘోషాచార్యులు అంతసేపూ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. "తట్టలు వాయించడం, కొంగలు గీయడం! ఇదా విద్య? విను." కళ్ళు మూసుకున్నాడు. ఇరవై ఒక్క అడుగులూ మంచి కంఠంతో, ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. చివరి నుంచి మొదటికి చెప్పాడు. ఒకటి విడిచి ఒకటి చెప్పాడు. చెప్పి, బహుమానం కోసం ఎదురుచూసేవాడిలా గడ్డం ఎత్తాడు.

"నడువు," అన్నాడు అంకన్న.

"నడవడమెందుకు? వచ్చేసింది కదా."

"గళ్ళ మీద నడువు."

ఘోషాచార్యులు నడిచాడు. నాలుగో అడుగు పక్క గడిలో పడింది. మళ్ళీ నడిచాడు. మళ్ళీ నాలుగోదే. నోరు "ఒకటి వదిలి ముందుకు" అంటోంది. కాలు వదలకుండా పడుతోంది. కళ్ళు మూసే ఉన్నాయి. మూడోసారి ఏడో గడి దాకా పోయి గోడకు కొట్టుకున్నాడు.

అంకన్న చూస్తూ నిలబడ్డాడు. మూడేళ్ళుగా కడుపులో దాచుకున్న ముచ్చట అది: వీడు అదే చావు చావాలి, నోటి నిండా పాఠం పెట్టుకుని, కాలు తప్పి. ఒక్క మాట అంటే చాలు, పాఠం వచ్చింది కదా, వెళ్ళిరా అని. జయకేతు అనుమానించడు. లోకం మెచ్చుకుంటుంది కూడా.

నలభై రెండు మంది. అందులో పదకొండు మంది.

అంకన్న వంగి ఘోషాచార్యుల రెండు చీలమండలూ పట్టుకున్నాడు. రాజగురువు అలవాటుగా చెయ్యి ఎత్తి దీవించబోయాడు.

"నమస్కారం అనుకోకు," అన్నాడు అంకన్న. "నీది కాళ్ళతో నేర్చుకునే బుర్ర. నీకెవరూ చెప్పలేదు. చెప్పేవాళ్ళ నోళ్ళు నువ్వే మూయించావు. కళ్ళు తెరువు."

"తెరిస్తే విద్య..."

"కారితే నేను పట్టుకుంటాను. తెరువు!"

ఆ కేకకు ఘోషాచార్యులు కళ్ళు తెరిచాడు. చేతులు మాత్రం వెనక్కి పోయాయి. అంకన్న అతని నడుముకున్న పాఠపు తాడు లాగి, పళ్ళతో కొరికి, రెండు ముక్కలు చేసి బూడిదలో పారేశాడు. తరువాత ఎడమ చీలమండ పట్టి మొదటి గడిలో దించాడు, వెదురు బద్దను ఊచ కిందికి తోసినట్టు. కుడి చీలమండ పట్టి రెండో గడిలో దించాడు. ఎడమ. వదులు. కుడి. రాజగురువు తూలాడు, ఆపసోపాలు పడ్డాడు, పాఠం గొణగబోయాడు. గొణిగినప్పుడల్లా అంకన్న పిక్క మీద చరిచాడు.

"నోరు వద్దు. కాలు."

"ఎంత అమర్యాద! ఒరే, నీకూ నాకూ ఏం శత్రుత్వం?"

"నా పెళ్ళాం మైలమ్మ," అన్నాడు అంకన్న, కాలు పట్టుకునే, తల ఎత్తకుండానే. "మూడేళ్ళ కిందట, ఊబిలో. పదిహేడో అడుగు."

ఘోషాచార్యులు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "చాలామంది తప్పారు నాయనా," అన్నాడు చివరికి. "ఏ మైలమ్మ?"

అంకన్న చేతులు చీలమండల చుట్టూ బిగిశాయి. ఎముక కలుక్కుమంది. జయకేతు, "ఆగు!" అన్నాడు. అంకన్న చేతులు వదులు చేసి, ఆ పాదాన్ని పదకొండో గడిలో దించాడు. పన్నెండు. పదమూడు. అలా దారంతా తొమ్మిదిసార్లు నడిపించాడు. పదోసారి చేతులు తీసేశాడు. పాదాలు వాటంతట అవే నడిచాయి. ఘోషాచార్యులు తన కాళ్ళకేసి, ఎవరివో అన్నట్టు, నోరు తెరుచుకుని చూశాడు.

అర గడియ మిగిలింది.

జయకేతు మొదట ఎక్కాడు. పొగ లేచింది. వేళ్ళు తొడ మీద ఆడుతుండడం కనిపించి మాయమైంది. కొంతసేపటికి పొగ అణిగింది, అతను అవతల ఒడ్డున నిలబడి చెయ్యి ఊపాడు. చెంగల్వ ఎక్కింది. వాన నీళ్ళ మీద పురుగులా తేలికగా పోయి దిగింది.

"నువ్వు ముందు పో," అన్నాడు ఘోషాచార్యులు. "నేను చివర వస్తాను."

"చివర వదిలితే నువ్వు రావు. నాకు నువ్వు కావాలి. నీ నోరు కావాలి. పో."

రాజగురువు ఎక్కాడు. పొగ కమ్మింది. అంకన్న లెక్కపెట్టాడు. నాలుగు దాటి ఉంటాడు. ఏడు దాటి ఉంటాడు. ఇరవై ఒకటి లెక్కపెట్టాడు. పొగ అణగలేదు. ముప్పై లెక్కపెట్టాడు.

పొగలోంచి సన్నగా గొంతు వినిపించింది. మంచి కంఠం. పాఠం చెబుతోంది.

భయం వేసింది వాడికి. భయం వేయగానే అరవై ఏళ్ళ అలవాటు లేచింది. కళ్ళు మూసుకున్నాడు, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, నోరు తెరిచాడు. చూడకుండానే అంకన్నకు తెలిసిపోయింది. గచ్చు మీద అక్కడొకటి ఇక్కడొకటి రాతి కళ్ళు విచ్చుకున్నాయి. పొగలో పసుపుపచ్చ చుక్కలు.

అంకన్న గచ్చు మీదికి దూకాడు.

రెండో మనిషి బరువు పడింది. నేల బుస్సుమంది. వందల పడగలు ఒక్కసారిగా లేచాయి, రాయి మెత్తబడి, మెడలు సాగి, నాలుకలు నిప్పు పేలికల్లా కొట్టుకుంటూ. ఆ ఇరవై ఒకటి మాత్రం రాతి నిద్రలోనే ఉన్నాయి. అంకన్న వాటి మీద పరుగెత్తాడు. నేరుగా, నేరుగా, ఎడమకు, వదిలి. ఒక కోర తలపాగాను ఎత్తుకుపోయింది. ఒకటి పంచె చింపింది. ఒకటి ముఖాన విషం చిమ్మితే మోచేత్తో తుడుచుకున్నాడు. పదకొండో పడగ మీద ఘోషాచార్యులు విగ్రహంలా నిలబడి ఉన్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, వెనక మణికట్లు ఒకదానితో ఒకటి కట్టేసినట్టు అంటుకుని. చుట్టూ పాములు వాటం చూసుకుంటున్నాయి.

అంకన్న ఆ మణికట్లు రెండూ పట్టి విడదీశాడు. "కళ్ళు తెరువు! నీ కాళ్ళకు తెలుసు! నోరు ముయ్యి, కాలు వెయ్యి!"

అని ఎడమ పిక్క మీద శక్తి కొద్దీ చరిచాడు.

పాదం లేచింది. పన్నెండో పడగ మీద పడింది. ఇంకోటి లేచింది. రాజగురువు ఏడుస్తున్నాడు, కళ్ళు గుడ్లంత చేసుకుని ఏడుస్తూ, ఒక్క అక్షరం పలకకుండా పరుగెత్తుతున్నాడు. వెనక అంకన్న. పదిహేను, పదహారు, పదిహేడు. పదిహేడో అడుగు దగ్గర ముసలివాడు పక్కకు తూలాడు. అంకన్న ఎడమ చేత్తో అతని ఉత్తరీయం పట్టి నిలబెట్టాడు. ఆ చేతి మీద నల్ల త్రాచు ఒకటి కాటు వేసింది. విదిలించి కొట్టి, ముసలివాణ్ణి ముందుకు తోశాడు. ఇద్దరూ బస్తాల్లా అవతలి గట్టు మీద పడ్డారు. జయకేతు ఒక గునపం దొరకబుచ్చుకుని, వెంటపడి వచ్చిన తలను దరువు మీద దెబ్బ వేసినట్టు రెండే దెబ్బల్లో పగలగొట్టాడు. పొగ అణిగింది. పాములు పడగలు దించి మళ్ళీ రాళ్ళయ్యాయి.

అప్పుడే కొండ నెత్తిన సూర్యుడు కన్నంలోకి దిగాడు. కోట లోపల పెద్ద కంచు గంట తనంతట తానే మోగింది. "నా చెరసాల తలుపు తీసిందెవడ్రా!" అన్న గొంతుకు గుహ గోడల సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. వెనక నిప్పుల గోడ కదిలి, కాళ్ళు మొలిచినట్టు నడవలోకి నడిచి రావడం మొదలుపెట్టింది. ముందు పాతాళంలా లోయ. లోయ మీద ఒక్క పేము వంతెన, దాని అవతలి కొస మేఘంలో ఎక్కడో ఉంది.

"అన్నా, నీ చెయ్యి," అంది చెంగల్వ.

అంకన్న ఎడమ చేతి చిటికెన వేలు బూడిదరంగు రాయి అయిపోయింది. చూస్తుండగానే ఉంగరపు వేలు కూడా. అల్లే చెయ్యి అది. అంకన్న దానికేసి ఒకసారి చూసి, మొలలోకి దోపుకున్నాడు.

ఘోషాచార్యులు మోకాళ్ళ మీద పాకుతూ వచ్చాడు. "శిలావిషం. పొద్దుగూకేసరికి గుండె దాకా ఎక్కుతుంది. వంతెనకు అవతల గాలిలోయలో వెన్నెలమాను ఉంది, దాని పాలు ఒక్కటే విరుగుడు. నేను చూపిస్తాను. నేను... నా కాళ్ళు నడిచాయి. పాఠం లేకుండా నడిచాయి. అరవై ఏళ్ళు..." అతను తన పాదాలు తడుముకున్నాడు. "చట్టం రద్దు చేస్తాను. ఊబి గట్టు మీదే నిలబడి, పున్నమి రోజున, అందరి ముందూ రద్దు చేస్తాను. ఆమె పేరు చెప్పి రద్దు చేస్తాను. ఇందాక సరిగా వినలేదు నాయనా. ఇంకొక్కసారి చెప్పు. ఏం పేరన్నావు?"

నిప్పుల గోడ పడగల గచ్చు అంచుకు చేరింది. జయకేతు వంతెన మీద కాలు పెట్టి, "రండి, రండి!" అని అరుస్తున్నాడు. చెంగల్వ అప్పటికే సగం మేఘంలో ఉంది.

అంకన్న ముసలివాణ్ణి చంక కింద చెయ్యి వేసి లేపాడు. బలంగా లేపాడు, మర్యాదగా కాదు. వంతెన మొదటి కట్టె మీద అతని పాదం తానే వంగి సరిగా పెట్టాడు.

"చట్టం రద్దు చెయ్యి. పేరు నీకు అక్కర్లేదు," అన్నాడు. "ఒక్కసారి చెప్పాను, నువ్వు వినలేదు. చెవితో బతికినవాడివి, వినలేదు. ఇక చెప్పను. నీకే కాదు, ఎవరికీ చెప్పను. ఆ మాట నా నోట మళ్ళీ రాదు. నడువు."